పోస్టమ్మ ఎడమకాలి అచ్చు

ఆ ఇంటి పెద్దల్లుడు ఏం పని చేస్తాడని అడిగితే వీధిలో ఎవరైనా చెప్పేవారు. బస్సు డిపోలో మేనేజరు. బస్సు కంటికి కనబడుతుంది, హారన్ చెవిన పడుతుంది, ఎక్కి కూర్చుంటే ఎక్కడో ఒకచోటికి చేరుస్తుంది. చిక్కంతా చిన్నల్లుడితోనే వచ్చింది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా అతని ఉద్యోగం ఏమిటో అత్తవారింట్లో ఒక్కరికీ అంతుపట్టలేదు.

కొత్తల్లో ఒకసారి భోజనాల దగ్గర మామగారు మర్యాదకి అడిగారు.

"ఒక పెద్ద కంప్యూటర్ ఉంటుందండీ. దాని లోపల చిన్న చిన్న కంప్యూటర్లు చాలా ఉన్నట్టు చేస్తాను. వర్చువల్ మెషీన్లంటారు" అన్నాడు అల్లుడు.

"ఉన్నట్టా? ఉన్నాయా?"

అల్లుడికి అబద్ధమాడే అలవాటు లేదు. కాసేపు ఆలోచించి, "ఉన్నట్టేనండీ" అన్నాడు.

"ఆహా" అని మామగారు ఉప్పుగిన్నె అతని వైపు జరిపారు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. అత్తగారు మాత్రం పక్కింటావిడకి, "మా చిన్నల్లుడు కంప్యూటర్ కడుపులో కంప్యూటర్లు పెడతాడు వదినా" అని గొప్పగా చెప్పింది. ఆవిడ అయ్యో పాపమన్నట్టు తలూపింది.

మామగారిది బూట్లు కుట్టే పని. అదీ అందరి కాళ్ళకీ కాదు. అంగట్లో దొరికే బూట్లు పట్టని కాళ్ళకి. ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అయినవాళ్ళు, వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళు, ప్రమాదంలో పాదం సగం పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చేవారు. కింద దుకాణం, మేడమీద కాపురం. మెట్లు ఎక్కుతుంటే తోలు వాసన, జిగురు వాసన సగం దాకా వెంట వచ్చి, అక్కడ వంటింటి వాసనకి దారి ఇచ్చి ఆగిపోయేవి.

ఆ పనికి ప్రాణం అచ్చు. అచ్చంటే కొయ్యతో చెక్కిన పాదం. దానిమీద తోలు సాగదీసి బిగిస్తేనే బూటుకి రూపం వస్తుంది. కాలు కొలిచినంత మాత్రాన అచ్చు రాదు. మొదటి జత తొడిగి చూడాలి, ఎక్కడ ఒరుసుకుందో కనుక్కోవాలి, అక్కడ ఆకురాయి పట్టాలి, ఇంకోచోట పల్చటి తోలుముక్క అతికించాలి. అలా ఏళ్ళ తరబడి సరిదిద్దుకుంటూ పోతే ఎప్పటికో ఆ అచ్చు ఆ మనిషిదవుతుంది. మామగారి వెనకగది గోడల నిండా అలాంటి కొయ్యపాదాలే. ఒక్కోదానికీ ఒక్కో మనిషి.

ఒక శీతాకాలం ఆ గదిలో నీళ్ళగొట్టం పగిలింది. ఇంట్లోవాళ్ళు ఊరెళ్ళి వచ్చేసరికి అచ్చులన్నీ నీళ్ళలో నాని ఉబ్బిపోయాయి. ఆరాక నెర్రెలు విచ్చాయి. అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మామగారే ఓదార్చారు.

"కొయ్య పోతే పోయిందిలేవే. రూపాలన్నీ కంప్యూటర్లో ఉన్నాయిగా."

ఆ మాట నిజమే. చాలాకాలం కిందట ఆయన సెకండ్‌హాండులో ఒక కంప్యూటరూ, అచ్చు చెక్కే మిషనూ కొన్నారు. అచ్చు చుట్టూ ఒక సన్నటి ముల్లు తిప్పితే దాని రూపం తెరమీదికి ఎక్కుతుంది. కావాలన్నప్పుడు తెరమీది రూపాన్ని చూసి మిషను కొయ్యను చెక్కుతుంది. ఆ ప్రోగ్రాం రాసినవాడు ఎవరో ఒక ఇంజనీరు. పది మంది బూట్లవాళ్ళకి అమ్మి, గిట్టుబాటు కాక బిచాణా ఎత్తేశాడు. మామగారి కంప్యూటర్ మాత్రం నమ్మకంగా పనిచేస్తూ వచ్చింది. గొట్టం పగిలిన కొన్నాళ్ళకే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, అదీ ఒక పొద్దున కన్ను తెరవలేదు. రిపేరువాళ్ళు వచ్చారు, మూత తీసి చూశారు, "ఈ కాలం సామాను కాదండీ" అన్నారు, టీ తాగి వెళ్ళారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పోస్టమ్మ బూట్లు అరిగిపోయాయి.

ఆ పేటలో ఉత్తరాలు పంచే ఆవిడని అందరూ పోస్టమ్మ అనే పిలిచేవారు. పుట్టుకతోనే ఎడమపాదం కురచ, మడమ లోపలికి తిరిగి ఉంటుంది. అయినా భుజాన సంచీ వేసుకుని వీధివీధీ తిరిగే ఉద్యోగం ఏరికోరి తెచ్చుకుంది. కూర్చుని ముద్రలు కొట్టే పని ఇస్తామంటే, "కూర్చుంటే కాలు గుర్తొస్తుంది, నడుస్తుంటే మర్చిపోతా" అందట. అలా మర్చిపోయేలా చేసింది మామగారు కుట్టిన బూట్లే.

అచ్చు లేదు కాబట్టి మామగారు కాలు కొత్తగా కొలిచి, చేత్తో అచ్చు చెక్కి ఒక జత కుట్టారు. పోస్టమ్మ తొడుక్కుని రెండడుగులు వేసి, "బాగానే ఉన్నాయి మేస్త్రిగారూ" అంది. గుమ్మం దిగాక గోడ పట్టుకుని నిలబడటం ఆయన కిటికీలోంచి చూశారు. వారం తిరిగాక మళ్ళీ ఆ పాత బూట్లే వేసుకుని, అడుగున అట్టముక్క పెట్టుకుని ఉత్తరాలు తెచ్చింది. ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఆ పూట మామగారు సరిగా భోంచేయలేదని అత్తగారు చిన్నకూతురికి ఫోన్ చేసింది.

కూతురు మొగుడితో చెప్పింది.

"నాన్న నిన్ను అడగరు. అల్లుడికి పని చెప్పడమంటే ఆయనకి తల కొట్టేసినట్టుంటుంది."

"మరి నేనే అడగనా?"

"అడిగితే వద్దంటారు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళు. చేతిలో పనిముట్టు ఉన్నవాణ్ణి మా నాన్న గుమ్మంలో ఆపరు."

సెలవురోజు పొద్దున్నే అల్లుడు ఒక చేత్తో తన కంప్యూటర్, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని దిగాడు. అత్తగారు హడావిడిగా కుర్చీ తుడిచింది. మామగారు లేచి నిలబడ్డారు. ఆ ఇంట్లో అల్లుడొస్తే పెళ్ళినాటి మర్యాదే ఇప్పటికీ.

"మీకెందుకండీ అల్లుడుగారూ ఈ శ్రమ" అన్నారు గానీ, ఆయన చూపు స్క్రూడ్రైవర్ మీదే ఉంది. కాస్సేపటికి పక్కకి తప్పుకుని బల్ల మీద చోటిచ్చారు.

పాత కంప్యూటర్ మూత తీస్తుంటే మామగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆపరేషన్ గది బయట నిలబడ్డ చుట్టంలా చూశారు. లోపల తోలు దుమ్ము పేరుకుని ఉంది. గుండెలాంటి బోర్డు కాలిపోయింది. డిస్కు మాత్రం, దాని అదృష్టమో పోస్టమ్మ అదృష్టమో, బతికే ఉంది. అల్లుడు దానిమీద ఉన్నదంతా తన కంప్యూటర్లోకి నకలు తీసుకున్నాడు. అందులో ఆ ప్రోగ్రాం ఉంది, రూపాల ఫైళ్ళూ ఉన్నాయి. ఒక్కో ఫైలుకీ ఒక మనిషి పేరు.

"అయితే వచ్చేసినట్టేనా?" అన్నారు మామగారు.

"ప్రోగ్రాం ఈ కాలం కంప్యూటర్ మీద నడవదండీ. మీ పాతదానిలాంటి కంప్యూటర్ ఒకటి కావాలి."

"ఎక్కడ దొరుకుతుంది?"

"దొరకదు. ఉన్నట్టు చేస్తాను."

మామగారు మొదటిసారి ఆ మాటకి "ఆహా" అనలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

అల్లుడు పనిలో దిగాడు. వర్చువల్ మెషీన్ అంటే పెద్ద మాయేమీ కాదు. దానికి జాతకంలాంటి ఫైలు ఒకటి ఉంటుంది, కాన్ఫిగరేషన్ ఫైలంటారు. మెమరీ ఎంత, ప్రాసెసర్ వేగం ఎంత, డిస్కు ఏ రకం, తెర ఏ రకం అన్నీ అందులో వరుసగా రాసి ఉంటాయి. ఆ రాతను బట్టి పెద్ద కంప్యూటర్ తనలో ఒక చిన్న కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. అల్లుడు ఒక ఫైలు తెరిచి, ముసలి ప్రోగ్రాం కదా, సుఖంగా ఉండనీ అని మెమరీ కుమ్మరించాడు. వేగం దండిగా పెట్టాడు. అత్తగారు తనకి వడ్డించినట్టే వడ్డించాడు.

ప్రోగ్రాం లేచింది. లేచీ లేవగానే 'మెమరీ చాలదు' అని ఒక్క ముక్క రాసి పడిపోయింది.

"తక్కువ పెట్టారా?" అన్నారు మామగారు.

"లేదండీ, ఎక్కువ పెట్టాను. ఇంత మెమరీ ఉండే రోజొకటి వస్తుందని దీన్ని రాసినాయన కలలో కూడా అనుకోలేదు. అంకె పొంగిపోయి, దీని లెక్కలో తక్కువై కూర్చుంది."

"ఎక్కువ పెట్టినా తక్కువే అంటుందన్నమాట" అని మామగారు మెట్ల వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "అచ్చం మీ అత్తయ్యే."

అల్లుడు నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు.

మెమరీ తగ్గిస్తే ఇంకో తప్పు చూపించింది. వేగం తగ్గించాడు, తెర రకం మార్చాడు, డిస్కు రకం మార్చాడు. మార్చడం, మెషీన్‌ని లేపడం, అది పడిపోవడం, మళ్ళీ ఫైలు తెరవడం. మధ్యాహ్నానికి ఏది మార్చాడో ఏది మార్చలేదో అతనికే కలగాపులగమైంది. ఒకటే మెషీన్‌ని రెండుసార్లు పుట్టించానని గమనించి నవ్వుకున్నాడు. ఆఫీసులో ఇలా ఒక్కో ఫైలూ చేత్తో రాసేవాణ్ణి తనే కోప్పడతాడు. అక్కడ అన్నీ కోడ్‌తోనే పుట్టిస్తారు. ఇక్కడ మాత్రం ఒక్క మెషీనేగా అని చేత్తో మొదలుపెట్టాడు. లోకానికంతా వండిపెట్టే వంటవాడి ఇంట్లో పొయ్యి వెలగనట్టుంది తన సంగతి.

"కాసేపు ఆపి వేరే దారిన వెళ్తానండీ. నేను ఫైళ్ళు రాయను, ఫైళ్ళు రాసే కోడ్ రాస్తాను. మెమరీ ఇంత నుంచి ఇంత దాకా, వేగం ఇంత నుంచి ఇంత దాకా, తెరలు ఈ రకాలు, డిస్కులు ఈ రకాలు అని చెప్తే, వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చో అన్ని ఫైళ్ళూ అదే రాసేస్తుంది. ఒక్కోదాన్నీ అదే లేపి చూస్తుంది. పడిపోతే తీసేసి ఇంకోటి. ఏది నిలబడితే అది మనకి చెప్తుంది."

"మరి నేనేం చేయాలి?"

"మీ పాత కంప్యూటర్ ఎలాంటిదో చెప్పాలి. అప్పుడు మరీ లేనిపోనివన్నీ వెతకక్కర్లేదు."

అంకెలు మామగారికి తెలియవు. ఆయనకి దాని నడవడి తెలుసు. "పొద్దున్న మీట నొక్కి మేడమీదకెళ్ళి టీ తాగి వస్తే, అప్పుడు లేచేదండీ."

"మీది ఉత్త టీయా? పేపరంతా చదువుతూ తాగేవారు" అంది అత్తగారు మెట్ల మీంచి. "ఆ టీకి గంట పట్టేది బాబూ. ఆ కంప్యూటర్ని ఏమనకండి."

"గంటెక్కడే!"

ఇద్దరూ కాసేపు వాదించుకుని ఒక అంచనాకొచ్చారు. తెరమీద పాదాన్ని తిప్పితే ఒక్కసారిగా తిరిగేది కాదు, గీత తర్వాత గీత గీసుకుంటూ నిదానంగా తిరిగేది అన్నారు మామగారు. ఎంత నిదానమో చేతిని గాలిలో తిప్పి చూపించారు. అల్లుడు ఆ చేతినే చూసి వేగానికి హద్దులు పెట్టుకున్నాడు.

సాయంత్రం ఎండ దుకాణంలోకి వాలేసరికి కోడ్ తయారైంది. నడిపించాడు. తెరమీద ఒక్కో మెషీన్‌కి ఒకటి చొప్పున చిన్న చిన్న కిటికీలు తెరుచుకోవడం, మూసుకోవడం మొదలైంది. మామగారు తోలు కోస్తూ కోస్తూ ఆగి అటే చూస్తున్నారు.

"పాపం, పుట్టీ పుట్టగానే పోవడమేనా?"

"వాటికి నొప్పి తెలియదులెండి. లేనివే కదా."

మామగారు కత్తి పక్కన పెట్టారు. "నేను చేసేదీ అదే కదండీ. మనిషెక్కడో రోడ్డుమీద నడుస్తుంటాడు. వాడి కాలు ఇక్కడ నా బల్లమీద ఉన్నట్టు చేస్తాను. మీ ఉద్యోగం ఏదో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఆ మాట అల్లుడికి లోపల ఎక్కడో చల్లగా తాకింది. కానీ ఆ పూట ఫలితం చల్లగా లేదు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి, అన్నీ మూసుకున్నాయి. ఒక్కటీ నిలబడలేదు. సగం మెమరీ దగ్గర, సగం వేగం దగ్గర పడ్డాయి. మళ్ళీ నడిపించాడు. అదే తీరు. చివరికి తల గోక్కుని, "ప్రోగ్రామే పాడైపోయి ఉండాలి మావయ్యగారూ. డిస్కు మీద ఎక్కడో చెడి ఉంటుంది. అన్ని రకాలూ చూసేశాను" అన్నాడు.

"పోనీలెండి. మీరు ఇంత చేశారు, అదే చాలు" అని మామగారు గుమ్మం దాకా సాగనంపారు. అల్లుడు వీధి మలుపు తిరిగేముందు వెనక్కి చూస్తే, ఆయన అప్పుడే బల్ల దగ్గర కూర్చుని ఒక కొత్త కొయ్యముక్కని వేళ్ళతో తడుముతున్నారు. మళ్ళీ మొదటినుంచి చెక్కుదామనే.

తర్వాతి రోజులు అల్లుడు ఆఫీసులో పనిచేస్తూనే ఉన్నాడు గానీ మనసు మనసులో లేదు. అన్ని రకాలూ చూశాననడం సులువే. చూశానా అని ఓ పురుగు తొలుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని, కోడ్ రాసిన ఫైళ్ళలోంచి ఏవో రెండు తీసి పక్కపక్కన తెరిచాడు. ఒకదాని పేరులో నెమ్మది వేగం, ఇంకోదాని పేరులో ఎక్కువ వేగం. లోపల చూస్తే రెండింటి వేగం ఒకటే.

ఇంకోటి తెరిచాడు. అదే వేగం. ఇంకోటి. అదే.

అప్పుడు తట్టింది. కోడ్ రాస్తున్నప్పుడు పరీక్షకని వేగం ఉండాల్సిన చోట ఒక అంకె చేత్తో వేశాడు. తర్వాత దాన్ని తీసి, కోడ్ నింపుకోవడానికి ఖాళీ వదలాలి. తీయడం మర్చిపోయాడు. కోడ్ ఫైళ్ళ పేర్లు బుద్ధిగా మార్చుకుంటూ పోయింది, లోపల మాత్రం అన్నింటికీ ఆ ఒక్క అంకే పోసింది. పైన నేమ్‌ప్లేట్లు వేరువేరు, లోపల కాపురం ఒక్కరిదే. చేత్తో రాసి ఉంటే తప్పు ఒక్కచోట పడేది. కోడ్‌తో రాశాడు కాబట్టి తప్పు కూడా అన్నిచోట్లా సమానంగా, ఎవరికీ తక్కువ కాకుండా పంచబడింది.

ఫోన్ తీశాడు. ముందు భార్యకి చేశాడు.

"తప్పు నాదే. ప్రోగ్రాం పాడవలేదేమో. మీ నాన్నకి ఏమని చెప్పను? అన్నీ చూసేశానని ధీమాగా చెప్పొచ్చాను."

"ఉన్నదున్నట్టు చెప్పు" అంది ఆవిడ. "చుట్టూ తిప్పితే ఆయనకి అర్థం కాదు."

దుకాణం ఫోన్ అత్తగారు ఎత్తి, మామగారి చెవి దగ్గర పట్టింది. ఆయన చేతులకి జిగురుంది.

"మావయ్యగారూ, మొన్న నేను చెప్పింది తప్పండీ. ప్రోగ్రాంలో లోపం లేకపోవచ్చు. నా కోడ్‌లోనే పొరపాటుంది. అన్ని రకాలూ చూశాననుకున్నాను, ఒకే రకాన్ని అన్నిసార్లు చూశాను."

అవతల జిగురుగిన్నె పక్కకి జరిపిన చప్పుడైంది.

"తప్పు మీదేనా? ఖాయంగా?" అన్నారు మామగారు.

"నాదేనండీ."

"హమ్మయ్య! అయితే మంచిదే. తప్పు దానిదైతే ఏం చేసేవాళ్ళం? చేసినాయన లేడు, అడిగే దిక్కు లేదు. మీదైతే దిద్దుకుంటారు. సెలవుకి రండి. ఈ కొయ్య పక్కన పెడతాను."

సెలవుకి వెళ్ళాడు. ఈసారి అత్తగారు కుర్చీ తుడవలేదు, బల్ల దగ్గర రెండో స్టూలు అప్పటికే వేసి ఉంది. దిద్దిన కోడ్‌ని నడిపించే ముందు అల్లుడు నాలుగైదు ఫైళ్ళు తెరిచి, వేగం వేరువేరుగా ఉందని మామగారికి కూడా చూపించాడు. ఆయనకి ఆ భాష రాదు గానీ అంకెలు మారుతున్నాయని తెలిసింది. "ఊఁ, కానివ్వండి" అన్నారు.

కిటికీలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. వేగం ఎక్కువైనవి మొదటే తట్టుకుని పడ్డాయి. "మొదలుపెట్టగానే ఈ ప్రోగ్రాం చిన్న పనొకటి చేసి, ఎంతసేపు పట్టిందో చూసుకుంటుందండీ. వేగం ఎక్కువైతే సున్నా సేపు పట్టిందంటుంది. ఆ సున్నాతో భాగించబోయి బోర్లా పడుతుంది" అని చెప్పాడు అల్లుడు.

"పరుగెత్తి పాలు తాగడం దాని ఒంటికి పడదన్నమాట" అన్నారు మామగారు.

వేగం తగ్గుతూ వచ్చింది. కిటికీలు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉండి మూసుకుంటున్నాయి. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అప్పుడొక కిటికీ తెరుచుకుని, అలాగే ఉండిపోయింది. బూడిదరంగు తెర, పైన పచ్చ అక్షరాలు. మామగారు రోజూ చూసిన తెర.

అల్లుడు పోస్టమ్మ పేరున్న ఫైలు తెరిచాడు. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక గీత. దాని పక్కన ఇంకో గీత. మడమ వచ్చింది, లోపలికి తిరిగిన మడమ. దాని పక్కన ఆ చిన్న గుంట, పాదం నడుము, కురచ వేళ్ళు. గీత తర్వాత గీత, నిదానంగా, ఆయన ఆ రోజు గాలిలో చేయి తిప్పి చూపించినంత నిదానంగా పాదం తెరమీద నిలబడింది. ఇంకోవైపు చూద్దామని అల్లుడు దాన్ని తిప్పబోయాడు.

"ఆగరా! ఆగు, తిప్పకు, తిప్పకు! అక్కడే ఉంచు!" మామగారు లేచి అతని భుజం గట్టిగా పట్టుకున్నారు. "అదిగో చూశావా, ఆ గుంట? అది దిద్దడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. అక్కడే ఒరుసుకునేది ఆ తల్లికి. ఉంది! పోలేదు రా!"

మెట్ల మీద అత్తగారి గాజుల చప్పుడు ఆగిపోయింది. "ఏమండీ! అల్లుణ్ణి పట్టుకుని 'రా' అంటున్నారేమిటి?"

మామగారు ఒక్క క్షణం తడబడ్డారు. చేయి తీయబోయారు.

"అనివ్వండి అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు తెరమీంచి చూపు తిప్పకుండా. "మా నాన్న కూడా పని బాగా కుదిరినప్పుడే అలా పిలుస్తారు."

మామగారు చేయి తీయలేదు.

తెరమీద రూపం కనబడితే పని అయిపోయినట్టు కాదు. చెక్కే మిషను వెనక ఉన్న లావుపాటి తీగ ఈ కాలం కంప్యూటర్‌కి పట్టదు. దానికొక అతుకు సంపాదించి, అలాంటి తీగ ఒకటి మెషీన్‌కి ఉందని ఫైల్లో రాయాలి. ఆ ఒక్క వాక్యం సరిగా కుదరడానికి మరో సెలవు పట్టింది. ఒకసారి మిషను బొటనవేలి దగ్గర మొదలుపెట్టి అక్కడే తిరుగుతూ ఒక మంచి కొయ్యని పొట్టు చేసింది. మామగారు పొట్టు ఊడ్చి, ఇంకో కొయ్య బిగించారు. విసుక్కోలేదు. ఆయన విసుక్కోకపోవడం వల్ల అల్లుడికి కూడా తొందర కలగలేదు. అన్నీ కుదిరాక మిషను గుర్రుమంటూ చెక్కింది. కొయ్యలోంచి పోస్టమ్మ మడమ బయటికి వచ్చింది. మామగారు దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని బొటనవేలితో ఒకచోట తడిమి, తలూపారు.

బూట్లు తయారైన రోజు అల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. పోస్టమ్మ ఉత్తరాల సంచీ భుజాన ఉండగానే కుర్చీలో కూర్చుని పాతవి విప్పింది. మడమ దగ్గర ప్లాస్టరు కనబడకుండా మేజోడు పైకి లాక్కుంది. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని కొత్త బూటు తొడిగి, తాడు కట్టారు.

"లేచి చూడమ్మా."

లేచింది. దుకాణంలో అటూ ఇటూ నడిచింది. మొహంలో ఏమీ తెలియలేదు.

"ఇక్కడ చదునుగా ఉంది మేస్త్రిగారూ. వీధిలో రాళ్ళమీద చూడాలి. ఆ మలుపు దాకా వెళ్ళొస్తా."

వెళ్ళింది. మామగారు, అల్లుడు గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ మలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఒక ఇంటి తలుపు తట్టి ఉత్తరం ఇచ్చింది. పక్క గుమ్మంలో ముసలావిడతో ఏదో మాట్లాడి నవ్వింది. సంచీలోంచి ఇంకో కట్ట తీసి, పేర్లు చదువుకుంటూ మలుపు తిరిగిపోయింది.

వీళ్ళు కాసేపు చూశారు. అత్తగారు టీ తెచ్చింది. తాగారు. పోస్టమ్మ రాలేదు.

"తిరిగొస్తానని చెప్పిందిగా" అన్నాడు అల్లుడు.

"రాదు" అన్నారు మామగారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "మర్చిపోయింది."

ఆవిడ మర్నాడు కూడా ఆగలేదు. ఆ తర్వాత రోజు ఉత్తరం ఇవ్వడానికొస్తే అత్తగారే, "బూట్లెలా ఉన్నాయమ్మా?" అని అడిగింది. పోస్టమ్మ కిందికి చూసుకుని నాలిక్కరుచుకుంది. "అయ్యో, పాతవి మీ దగ్గరే వదిలేశాను కదూ! పారెయ్యండి వదినగారూ" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సెలవుల్లో అల్లుడు అత్తవారింటికి వెళ్తున్నాడంటే భార్య, "భోజనానికైనా పైకి వెళ్ళండి ఇద్దరూ" అని మాత్రమే చెప్పేది. నిలబడిన ఆ ఒక్క మెషీన్ ఫైలుని, దాన్ని పుట్టించే కోడ్‌ని అతను శుభ్రంగా తిరగరాశాడు. ప్రతి వాక్యం పక్కన అది ఎందుకు అలా ఉందో మామూలు తెలుగులో రాసి పెట్టాడు. 'మెమరీ ఇంతకంటే పెట్టొద్దు, తక్కువంటుంది' అనీ, 'వేగం పెంచొద్దు, పడిపోతుంది' అనీ. దుకాణం బల్లమీద ఒక కొత్త కంప్యూటర్ పెట్టి, మీట నొక్కితే ఆ పాత తెర లేచేలా చేశాడు. అది ఎప్పుడైనా చెడితే ఇంకో కంప్యూటర్లో అదే మెషీన్ మళ్ళీ ఎలా పుట్టించాలో మామగారి చేత రెండుసార్లు చేయించి చూపించాడు. మొదటిసారి ఆయన మెషీన్‌కి బదులు మొత్తం కంప్యూటర్‌నే ఆర్పేశారు. రెండోసారి కుదిరింది.

మిగిలిన రూపాలన్నీ ఒక్కొక్కటే తెరిచి, చెడిపోకుండా ఉన్నాయా లేదా చూడటం ఇద్దరి పనీ అయింది. తెరమీద పాదం మెల్లగా గీసుకుంటుంటే మామగారు ఆ మనిషి సంగతి చెప్పేవారు. ఈయన నాట్యం నేర్పుతాడు, కాలు విరిగాక కూడా మానలేదు. ఈవిడ పెళ్ళికి ఎత్తుమడమల బూట్లే కావాలని పంతం పట్టింది. ఇతను ఇప్పుడు లేడు, అయినా ఉంచు, ఇతని కొడుక్కీ ఇదే కాలు.

"తర్వాతది తియ్యి" అనేవారు.

అల్లుడు తీసేవాడు.